980 అనే అబద్ధం

మద్దికెరలో గురుత్వ త్వరణం 980 కాదు. సెంటీమీటర్ల లెక్కన 978కి కాస్త పైన. మా ఊరు భూమధ్యరేఖకు 15 డిగ్రీల ఎగువన, సముద్ర మట్టానికి దాదాపు నాలుగు వందల మీటర్ల ఎత్తున ఉంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ, ఎత్తుకు పోయేకొద్దీ ఈ విలువ తగ్గుతుంది. 980 దాటాలంటే ఇటలీలో పలెర్మో దగ్గర సముద్రపు ఒడ్డున లోలకం వేలాడదీయాలి. అయినా పోయిన ఫిబ్రవరిలో మా మండలంలో ఇంటర్ చదివే ఒక పిల్ల ప్రాక్టికల్ పరీక్షలో 971 తెచ్చి చూపిస్తే, "980 రావాలమ్మా, వెనక నుంచి వేసుకుని రా" అన్నారు ఎగ్జామినరు. ఆ పిల్ల బల్ల దగ్గరికి పోయి, 980 నుంచి లెక్క వెనక్కి తిప్పి, డోలన కాలాన్ని పుట్టించి, తన చేత్తో రాసిన అంకెల మీద వైట్‌నర్ పూసి కొత్త అంకెలు వేసింది. ముప్పైకి ముప్పై మార్కులు వచ్చాయి.

ఇంత చిన్నదానికి ఇంత కోపమా అని అడిగేవాళ్ళకు ఒకటే చెప్తాను. ఆ వైట్‌నర్ సీసా ఆ బల్ల మీదే ఆగిపోదు. ఎమ్మెస్సీకి పోతుంది, పీహెచ్‌డీకి పోతుంది, పేరున్న పత్రికల్లో అచ్చయ్యే గ్రాఫుల్లోకి పోతుంది. నేను పోయాను దానితో పాటు. ముప్పై ఏళ్ళ కిందట ఆదోనిలో అలాంటి బల్ల దగ్గరే నేనూ 980 నుంచి వెనక్కి లెక్క వేశాను. తర్వాత కొన్నేళ్ళు ఒక శీతల భౌతిక ప్రయోగశాలలో పలచటి అతివాహక పొరల మీద పని చేశాను. అక్కడ 980 లేదు. దాని స్థానంలో స్కేలింగ్ కొలాప్స్ ఉంది. రెండూ ఒకే రోగం అని తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

ఆ రోగం సంగతి చెప్పాలంటే ముందు ఆ పొరల సంగతి చెప్పాలి.

తగినంత చల్లబరిస్తే కొన్ని లోహాల్లో, కొన్ని సమ్మేళనాల్లో కరెంటు ఏ నిరోధమూ లేకుండా పారుతుంది. 1911లో లైడెన్ నగరంలో కామర్లింగ్ ఆన్నెస్ పాదరసంలో దీన్ని మొదట చూశాడు. ముద్దగా ఉన్న లోహంలో ఈ మార్పు కత్తితో కోసినట్టు ఒక ఉష్ణోగ్రత దగ్గర జరుగుతుంది. కానీ లోహాన్ని పలచన చేస్తూ పోయి, అణువుల వరసలు కొన్ని మాత్రమే మిగిలేదాకా వస్తే కథ మారిపోతుంది. వైబీసీఓ అనే సమ్మేళనాన్ని ఒకే ఒక్క అణుఘటం మందాన, అంటే 1.2 నానోమీటర్ల పొరగా వేయగలరు. అలాంటివి దాదాపు యాభై వేలు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒక వెంట్రుక మందం అవుతుంది. ఇంత పలచటి పొరలో ఎలక్ట్రాన్ల జంటలు ఒకే తాళానికి నడవడం కష్టం. వేడి ఆ తాళాన్ని ఊరికే చెడగొడుతూ ఉంటుంది.

చెడగొట్టే తీరు మా ఊరి వాళ్ళకు చెప్పడం సులువు. ఏప్రిల్, మే నెలల్లో దున్ని వదిలిన చేలల్లో మిట్టమధ్యాహ్నం సుడిగాలి లేస్తుంది. దుమ్మునీ ఎండుటాకుల్నీ చుట్టుకుని చేను అడ్డంగా పోతుంది. పలచటి అతివాహకంలో కూడా ఇలాంటి సుడులే పుడతాయి, గాలికి బదులు కరెంటు సుడులు. కొన్ని కుడికి తిరుగుతాయి, కొన్ని ఎడమకు. చల్లగా ఉన్నంతసేపూ ఒక కుడి సుడి, ఒక ఎడమ సుడి జంటగా కట్టుబడి ఉంటాయి. ఒకదాని తిప్పుడు రెండోదాన్ని రద్దు చేస్తుంది కాబట్టి దూరం నుంచి చూస్తే సుడి ఉన్నట్టే ఉండదు. ఒక ఉష్ణోగ్రత దాటగానే జంటలు విడిపోతాయి. విడిపోయిన సుడి పొర అడ్డంగా పరుగెత్తితే కరెంటు శక్తిని కోల్పోతుంది. అదే నిరోధం. ఈ ఆలోచన 1971 ప్రాంతంలో సోవియట్ దేశంలో బెరెజిన్‌స్కీకి, 1973లో బర్మింగ్‌హామ్‌లో కోస్టర్లిట్జ్, థౌలెస్‌లకు వచ్చింది. 2016లో ఆ ఇద్దరికీ, హాల్డేన్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. బెరెజిన్‌స్కీ 1980లోనే పోయాడు.

ఆ సిద్ధాంతం మీద నాకు ఏ కోపమూ లేదు. దానంత అందమైన భౌతికశాస్త్రం నేను చదవలేదు. 1977లో నెల్సన్, కోస్టర్లిట్జ్ దాని నుంచి ఒక కచ్చితమైన జోస్యం రాబట్టారు: మార్పు జరిగే చోట అతిద్రవ సాంద్రత ఇంత అని చెప్పగలిగే ఒక గెంతు గెంతి సున్నా అవుతుందని. మరుసటి ఏడే బిషప్, రెపీ హీలియం పొరల మీద ఆ గెంతును కొలిచి చూపించారు. ముందు సంఖ్య, తర్వాత కొలత, రెండూ కలిశాయి. కొలిచినవాళ్ళు సంఖ్యను చూసి అంకెలు దిద్దలేదు.

పలచటి అతివాహకాల్లో దీన్ని చూసే మామూలు దారి ఇంకొకటి ఉంది. పొర గుండా కరెంటు పంపి, రెండు చివరల మధ్య వోల్టేజి కొలవడం. విడి సుడులు తిరుగుతున్నంతకాలం ఓమ్ నియమమే: కరెంటు రెట్టింపయితే వోల్టేజి రెట్టింపు. సరిగ్గా మార్పు జరిగే ఉష్ణోగ్రత దగ్గర మాత్రం వోల్టేజి కరెంటు ఘనంతో పెరుగుతుంది. కరెంటు రెట్టింపయితే వోల్టేజి ఎనిమిది రెట్లు. ఎందుకంటే కరెంటే జంటల్ని లాగి విడదీస్తుంది. ఎంత గట్టిగా లాగితే అన్ని జంటలు తెగుతాయి. ఆ మూడు అనే ఘాతాంకం వెనక సుడులు ఎలా కదులుతాయో చెప్పే ఇంకో అంకె ఉంది. దాన్ని z అంటారు. సుడులు నీళ్ళలో సిరా చుక్కలాగా తడబడుతూ వ్యాపిస్తే z విలువ 2. రెండుకు ఒకటి కలిపితే మూడు.

ఇక్కడి నుంచి నా వాదం మొదలవుతుంది.

1991లో ఫిషర్, ఫిషర్, హ్యూస్ అనే ముగ్గురు ఒక స్కేలింగ్ సూత్రం ఇచ్చారు. ఇరవై ఉష్ణోగ్రతల దగ్గర ఇరవై గీతలు కొలిచావనుకో. ప్రతి గీతలోని వోల్టేజిని ఒక గుణకంతో, కరెంటును ఇంకో గుణకంతో హెచ్చవేస్తే, నిజంగా అక్కడ దశ మార్పు ఉన్నట్టయితే, ఆ ఇరవై గీతలూ వచ్చి రెండే గీతల మీద వాలిపోవాలి: మార్పుకు పైవన్నీ ఒక గీత మీద, కిందివన్నీ ఒక గీత మీద. దీన్నే కొలాప్స్ అంటారు. చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ రాత్రి నిద్ర పోలేదు. చెదిరి పడి ఉన్న వెయ్యి చుక్కలు ఒక్కసారిగా వరస కట్టడం చూస్తే ప్రకృతి నీతో మాట్లాడినట్టే ఉంటుంది.

కానీ ఆ గుణకాలు ఎక్కడి నుంచి వచ్చాయి? మనమే తిప్పాం. మార్పు ఉష్ణోగ్రత ఒక మర, z ఒక మర, ν అనే ఇంకో ఘాతాంకం మూడో మర. గీతలు కలిసేదాకా మూడు మరలూ తిప్పుతూ పోతాం. కలిశాయని ఎవరు చెప్పాలి? కన్ను చెప్పాలి. ఎలాంటి కాగితం మీద? రెండు వైపులా లాగరిథమ్ వేసిన కాగితం మీద. పది కోట్ల రెట్ల తేడా అరచేతిలో పట్టే కాగితం అది. మా వైపు తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో జనం వజ్రాల కోసం తల వంచుకుని తిరుగుతారు. కుటుంబాలకు కుటుంబాలే అన్నం మూటలు కట్టుకుని వస్తాయి. వాన తడిసిన చేను మీద ఎండ పడితే ప్రతి గులకరాయీ మెరుస్తుంది. ఒంగి ఒంగి ఏరుకున్నవాళ్ళు మూటలు నింపుకుంటారు. సాయంత్రానికి రాళ్ళు ఆరిపోయాక ఏ మూటలో ఏముందో తెలుస్తుంది. లాగరిథమ్ కాగితం ఆ వాన. దాని మీద అన్నీ మెరుస్తాయి.

1999లో పియర్సన్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఈ మరలు తిప్పి ఒక సంచలనం చేశారు. అతివాహక పొరలు, జోసెఫ్‌సన్ సంధుల వలలు, హీలియం పొరలు, ఇలా అప్పటికే అచ్చయి ఉన్న కొన్ని కొలతల సమూహాల్ని తీసుకుని, అన్నిట్లోనూ కొలాప్స్ సాధించారు. వచ్చిన z 2 కాదు, దాదాపు 5.6. అంటే కరెంటు ఘాతాంకం 6.6. కరెంటు రెట్టింపు చేస్తే వోల్టేజి ఎనిమిది రెట్లు కాదు, తొంభై ఏడు రెట్లు. అన్ని చోట్లా ఒకే అంకె వచ్చింది కాబట్టి ఇది సార్వత్రికం అన్నారు. అంతకాలం నమ్మిన సుడుల నడకే తప్పు కావాలి.

మరుసటి ఏడు స్వీడన్‌లోని ఉమెయో నుంచి మెద్వెద్యెవా, కిమ్, మిన్‌హాగెన్ జవాబిచ్చారు. కంప్యూటర్లో చిన్న చిన్న వలలు కట్టి చూపించారు: పొర పరిమాణానికి ఒక హద్దు ఉన్నప్పుడు, ఆ హద్దు వల్లే గీతలు ఇలా కలిసినట్టు కనపడతాయని. అక్కడ మార్పు లేకపోయినా కొలాప్స్ వస్తుంది. నిజానికి పియర్సన్ తీసుకున్న వాటిలో ఒకటైన వైబీసీఓ పొరల కొలతల్ని చేసినవాళ్ళే, రెపాసీ బృందం, 1996లో స్పష్టంగా రాశారు: కరెంటు బాగా తగ్గిస్తే ఈ పొరలు మళ్ళీ ఓమ్ నియమంలోకే పోతున్నాయి, ఇక్కడ అసలు ఆ మార్పే లేదు అని. అయినా ఆ కొలతల్నే తీసుకుని మార్పు ఇక్కడుంది, దాని z ఇంత అని చెప్పగలిగారు. కొలాప్స్‌కు ఆ శక్తి ఉంది.

అసలు దెబ్బ 2001లో పడింది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో స్ట్రాకన్, లాబ్, వాళ్ళ సహచరులు కలిసి ఒక వైబీసీఓ పొరను అయస్కాంత క్షేత్రంలో పెట్టి కొలిచారు. ఆ సహచరుల్లో మన దేశం నుంచి పోయిన టి. వెంకటేశన్ కూడా ఉన్నాడు. కొలతలు చక్కగా కొలాప్స్ అయ్యాయి. అక్కడితో ఆపి అచ్చు వేయించుకోవచ్చు. అంతకుముందు ఎంతోమంది అదే చేశారు. వాళ్ళు ఆపలేదు. మరలు ఇంకోలా తిప్పారు. మళ్ళీ కొలాప్స్. మార్పు ఉష్ణోగ్రతను జరిపారు, ఘాతాంకాలు మార్చారు. అయినా కొలాప్సే. ఒకే కొలతలు, ఎన్నో జవాబులు, అన్నీ కంటికి సమానమే. గీతలు కలిసినంత మాత్రాన అక్కడ దశ మార్పు జరిగినట్టు కాదని తేల్చి చెప్పారు. దానికొక పరీక్ష కూడా పెట్టారు: మార్పు ఉష్ణోగ్రతకు పైన కొంత దూరంలో ఒక గీత, కింద అంతే దూరంలో ఇంకో గీత తీసుకుంటే, ఒకే కరెంటు దగ్గర ఒకటి ఇటు వంగితే రెండోది అటు వంగాలి. కొలాప్స్‌తో పని లేదు. హెచ్చవేతలు లేని అసలు గీతల మీద స్కేలు పెట్టి చూసుకోవచ్చు. తమకు తెలిసినంతలో అప్పటిదాకా అచ్చయిన కొలతల్లో ఒక్కటీ ఈ పరీక్షలో నెగ్గలేదని వాళ్ళు రాశారు.

ఎందుకు నెగ్గలేదు? ఇది మనసులో పెట్టుకోవలసిన విషయం. ప్రతి వోల్ట్‌మీటరుకూ ఒక నేల ఉంటుంది. మంచి నానోవోల్ట్‌మీటరు కూడా కొన్ని నానోవోల్టుల కిందికి చూడలేదు. చల్లబరిచేకొద్దీ గీతలు కిందికి దిగుతాయి. ఒక గీత ఓమ్ నియమం వైపు వంగే మలుపు ఆ నేల కిందికి పోయిందనుకో, ఆ మలుపు మనకు కనపడదు. కనపడిన భాగం తిన్నగా ఉంటుంది. తిన్నగా ఉన్న గీతనే మార్పు గీత అనుకుంటాం. ఇంకా మంచి మీటరు తెస్తే ఆ గీత వంగిపోతుంది, దాని కింది గీత తిన్నగా కనపడుతుంది. మార్పు ఉష్ణోగ్రత ఇంకాస్త కిందికి జరుగుతుంది. ఇంకా మంచి మీటరు తెస్తే ఇంకా కిందికి. మనం కొలుస్తున్నది అతివాహకం లక్షణాన్నా, మన మీటరు చేతకానితనాన్నా?

నేను పనిచేసిన చోట స్ట్రాకన్, లాబ్‌ల వ్యాసాన్ని చదివాం. చదివి పక్కన పెట్టాం. నా పొర కొలతలు వచ్చినప్పుడు నేను నాలుగు వేర్వేరు మార్పు ఉష్ణోగ్రతలు పెట్టి నాలుగు కొలాప్స్‌లు గీశాను. నాలుగూ బాగున్నాయి. తీసుకుపోయి మా గైడుకు చూపించాను. ఆయన నాలుగు కాగితాలూ వెలుతురుకు పట్టి చూసి, వాటిలో పుస్తకాల z విలువకు దగ్గరగా ఉన్నదాన్ని తీసి నా చేతిలో పెట్టి, "ఇది రాయి" అన్నారు. మిగతా మూడింటి సంగతి ఏమిటని అడిగాను. "అవి కొలతల్లో భాగం కాదు, నీ ప్రయత్నాల్లో భాగం" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే సత్యమై, మూడు ప్రయత్నాలు ఎలా అయ్యాయి? అచ్చయిన దాంట్లో ఒకటే ఉంది. వోల్ట్‌మీటరు నేల ఎక్కడుందో ఒక్క వాక్యం కూడా లేదు. నా పేరు ఉంది. ఆ పేరును అక్కడ ఉండనిచ్చినందుకు నన్ను నేను క్షమించుకోలేదు, క్షమించుకోను. ఆ మూడు కాగితాలూ మద్దికెరలో మా ఇంటి బీరువాలో ఉన్నాయి.

సుడుల సంగతి ఒకటే అయితే ఊరుకుందును. చెదిరిన పొరలను మందం తగ్గిస్తూ పోతే అతివాహకం కాస్తా ఏకంగా విద్యుద్బంధకంగా మారే విచిత్రం ఉంది. 1989లో మిన్నెసోటాలో హావిలాండ్, ల్యూ, గోల్డ్‌మన్ బిస్మత్ పొరల్లో దాన్ని చూపించారు, 6.45 కిలోఓముల దగ్గర విడిపోయే గీతల ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. 1990లో మాథ్యూ ఫిషర్ దానికీ ఒక స్కేలింగ్ సూత్రం ఇచ్చాడు. ఇక మొదలు: ఒకరికి 1.36, ఇంకొకరికి పొర మందం మారిస్తే 1.2, అదే బిస్మత్‌లో అయస్కాంత క్షేత్రం మారిస్తే 0.7. ఘాతాంకం సార్వత్రికం అంటే ఎక్కడైనా ఒకటే రావాలి. రానప్పుడు కొత్త సార్వత్రిక తరగతి కనుక్కున్నామని రాసేవాళ్ళు పెరిగారు కానీ, నా ఉష్ణోగ్రతల పరిధి పది రెట్లు కూడా లేదు, ఇంత చిన్న కిటికీలోంచి ఘాతాంకం చెప్పే హక్కు నాకుందా అని అడిగినవాళ్ళు తక్కువ.

కొలతలోనే మోసం ఉంటే? 2019లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో షహార్ బృందం చేసిన పని ప్రతి పరిశోధక విద్యార్థీ చదవాలి. ఇండియం ఆక్సైడ్ పొరల్లో, నియోబియం డైసెలినైడ్ పొరల్లో ఎంత చల్లబరిచినా నిరోధం సున్నాకు పోకుండా ఒక చోట ఆగిపోతూ ఉండేది. విచిత్ర లోహం అని పేరు పెట్టి ఇరవై ఏళ్ళుగా సిద్ధాంతాలు కట్టారు. వాళ్ళు చేసిందల్లా తీగలకు మంచి ఫిల్టర్లు పెట్టడం. గదిలో తిరిగే రేడియో తరంగాలు తీగల వెంట లోపలికి పోయి పొరను వేడెక్కిస్తున్నాయి. ఫిల్టర్ పెట్టగానే నిరోధం మాయమైంది, అతివాహకం తిరిగొచ్చింది. ప్రతి విచిత్ర లోహమూ ఇలాంటిదే అని నేననడం లేదు. కాపిటుల్‌నిక్, కివెల్సన్ లాంటి పెద్దలు అది నిజమేనని బలమైన కారణాలతో వాదిస్తున్నారు, ఆ వాదం నడుస్తోంది. కానీ ఫిల్టర్ సంగతి రాయకుండా ఘాతాంకం రాసే రోజులు ఆరోజుతోనే పోవాలి. పోలేదు.

మన దేశంలో సరిగా చేసినవాళ్ళు లేరా? ఉన్నారు, గర్వంగా చెప్తాను. ముంబై టీఐఎఫ్ఆర్‌లో ప్రతాప్ రాయ్‌చౌధురి బృందం 2011లో నియోబియం నైట్రైడ్ పొరల మీద చేసిన పని చూడండి. వోల్టేజి, కరెంటు గీతలు కలిపి చేతులు దులుపుకోలేదు. రెండు తీగచుట్టల మధ్య పొరను పెట్టి అయస్కాంత క్షేత్రం ఎంత లోతు చొరబడుతుందో నేరుగా కొలిచారు. అంటే నెల్సన్, కోస్టర్లిట్జ్ చెప్పిన ఆ గెంతునే పట్టుకోబోయారు. పుస్తకంలోని అంకెకు సరిగ్గా కలవలేదు. కలపలేదు కూడా. ఎందుకు కలవలేదో వెతికారు. సుడి నడిబొడ్డును కట్టడానికి పట్టే శక్తి పుస్తకాల్లో అనుకున్న విలువ కాదనీ, పొర అంతటా ఒకేలా లేదనీ కనుక్కున్నారు. కలవకపోవడంలోంచి కొత్త విషయం వచ్చింది. దాన్ని కలిపేసి ఉంటే ఆ విషయం ఎప్పటికీ దొరికేది కాదు.

ఈ తేడాను ఆదోని మార్కెట్ యార్డులో ఏ చదువూ లేని రైతు కూడా చూపిస్తాడు. పత్తి కొనేవాడు బస్తా మీద పొర చూసి ధర కట్టడు. మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసి, పోగు లాగి చూస్తాడు. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ వాళ్ళయితే తేమ మీటరు పెడతారు. 12 శాతం దాటితే కొనరు. ఆ అంకె మీద రైతు ఏడాది కష్టం ఆధారపడి ఉంటుంది కాబట్టి రైతు మీటరు ముందు నిలబడి గొడవ పడతాడు. ఎక్కడ పెట్టావు, ఎన్ని చోట్ల పెట్టావు, ఇంకోసారి పెట్టు అంటాడు. ఆ గొడవ నాకు ఏ సెమినారులోనూ వినపడలేదు. కొలాప్స్ గ్రాఫు తెర మీద పడగానే అందరూ తల ఊపుతారు. అసలు గీతలు చూపించు, నీ మీటరు నేల ఎక్కడ, ఎన్ని మరలు ఎన్నిసార్లు తిప్పావు అని లేచి అడిగినవాణ్ణి నేను చూడలేదు. నేనూ లేవలేదు.

ఎందుకు లేవం? ఎందుకంటే మనకు పదహారో ఏట నేర్పింది జవాబు కలపడం. తెలుగు నాట కార్పొరేట్ కాలేజీలు తెల్లారుజాము నుంచి రాత్రి దాకా నాలుగు ఆప్షన్లలో ఏది కలుస్తుందో చూడమనే నేర్పుతాయి. జవాబు ముందే ఉంది, దారి తర్వాత కట్టుకోవచ్చు. ప్రయోగశాల తాళం పరీక్ష నెలలో మాత్రమే తీసే కాలేజీలు నేను చూశాను. పిల్లలకు రికార్డు పుస్తకం రాసి పెట్టే మనుషులున్నారు, దానికి ఒక రేటు ఉంది. ఇలా పెరిగిన బుర్ర ఎంత పెద్ద యూనివర్సిటీకి పోయినా, మంచి పరికరం ముందు కూచున్నా, వేళ్ళు వాటంతట అవే మర వైపు పోతాయి. ఇది అమెరికా వాళ్ళకూ ఉన్న జబ్బే. పియర్సన్ మద్దికెరలో చదవలేదు. కానీ వాళ్ళ దగ్గర స్ట్రాకన్‌లు లేచి నిలబడ్డారు, ఉమెయో నుంచి జవాబొచ్చింది. మన తరగతి గదిలో అలా లేచే పిల్లవాణ్ణి మనమే కూచోబెడుతున్నాం.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. అతివాహకాల మీద సిద్ధాంత గ్రంథం సమర్పించే ప్రతి విద్యార్థీ కొలాప్స్ బొమ్మకు ముందు, హెచ్చవేయని గీతల బొమ్మ ఒక పూర్తి పేజీలో పెట్టాలి. వోల్ట్‌మీటరు నేలను దాని మీద అడ్డగీతగా గీయాలి. మరలు ఎంత పరిధిలో తిప్పినా కొలాప్స్ బాగానే ఉందో ఆ పరిధి మొత్తం రాయాలి, ఒక్క అంకె కాదు. పరిశీలకులు ముందుగా ఆ పేజీ చూడాలి. ఆ పేజీ లేని గ్రంథాన్ని తిప్పి పంపాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

ఇంటర్ బల్ల దగ్గర కూడా అంతే. మీటరు పొడవు లోలకం ఇరవై సార్లు ఊగడానికి మద్దికెరలో 40.18 సెకన్లు పడుతుంది. g విలువ 980 అయి ఉంటే 40.14 పట్టేది. ఈ తేడాను బొటనవేలితో స్టాప్‌వాచ్ నొక్కే పిల్లవాడు పట్టుకోలేడు, ఆ పిల్లవాడి గురువూ పట్టుకోలేడు. నొక్కడంలో పావు సెకను అటూ ఇటూ పోతుంది. పావు సెకనుకు g విలువ 12 దాకా మారుతుంది. కాబట్టి నిజాయితీగా చేసిన పిల్లలకు 967 వస్తుంది, 971 వస్తుంది, 988 వస్తుంది. తరగతిలో నలభై మందికీ 980 వచ్చిందంటే ఆ గదిలో ఒక్క లోలకం కూడా ఊగలేదని అర్థం.

ఆ పిల్ల చెల్లెలు ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు. సాయంత్రాలు మా ఇంటి వసారాలో దూలానికి దారం కట్టి, సైకిల్ షాపులో తెచ్చిన ఇనుప గుండు వేలాడదీసి కొలుస్తోంది. ఇరవై ఊపులు, పది సార్లు. కొట్టివేతలు ఉన్నాయి, వైట్‌నర్ లేదు. "పరీక్షలో ఏం రాయాల సార్?" అని అడిగింది. వచ్చింది రాయమన్నాను. "మార్కులు పోతే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మార్కులు నావి కావు, వాటి మీద ఆ ఇంటి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆశలున్నాయి. అందుకే ఈ మాట ఆ పిల్లకు కాదు, మీకు చెప్తున్నాను.

ఫిబ్రవరిలో మా మండలానికి ఎగ్జామినరుగా వచ్చే అయ్యా, ఒక అమ్మాయి మీకు 980 కాని అంకె చూపిస్తుంది. దాని పక్కన 12 అటూ ఇటూ అని రాసి ఉంటుంది. ఆ కాగితం తిప్పి పంపే ముందు స్టాప్‌వాచ్ మీ చేతిలోకి తీసుకుని, ఆ గుండును మీరే ఇరవై సార్లు ఊగనిచ్చి చూడండి.